తూకానికి లొంగని ఎలకలు

"ఐదువందల పది గ్రాములు!" పరిశోధకురాలు ఎలకను త్రాసు మీంచి తీసి పంజరంలో పెట్టింది. "ఇది ఎలక కాదు సార్, తోక తగిలించిన దిండు."

డైరెక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇంకోదాన్ని తూచు."

"ఇరవైనీ తూచాను. ఉప్పునీళ్ల సూది వేసినవి నాలుగువందల దగ్గరే ఉన్నాయి. మన మందు వేసినవే బలిశాయి. ఆకలిని చంపి ఒళ్లు తగ్గిస్తుందని మనం చెప్పుకునే పెప్టైడు ఇదీ! రేపు పొద్దున డబ్బు పెట్టినవాళ్లు వచ్చి చూస్తే నా మూడేళ్ల పనీ, నా ఉద్యోగమూ చెత్తబుట్టలోకే."

"మందులో లోపం లేదు."

"ఎలకలేమో ఉందంటున్నాయి."

"వాటి మొహం! మందు పనిచేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు."

"ఎలా తెలుసు సార్?"

డైరెక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. "తెలుసన్నానుగా."

ఆమె రిజిస్టరు తెరిచింది. "ఇంకో చోద్యం చూడండి. మందు వేసినవాటి దాణా కూడా తూచాను. పోసింది పోసినట్టే ఉంది. మరి గాలి పీల్చి లావెక్కాయా?"

"చూశావా! ఆకలి చచ్చింది. నేను చెప్పలా?"

"ఆకలి చచ్చిన ప్రాణి ఒళ్లు చేస్తుందా సార్? ఇది రాసి పంపితే చదివినవాళ్లు పడీపడీ నవ్వుతారు."

గది మూల పంజరాలు కడుగుతున్న ముసలి అటెండరు కుళాయి కట్టేశాడు. అక్కడ అందరూ ఆయన్ని తాత అంటారు. తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఒక్క మాట. తిట్టకూడదు."

"తిట్టాల్సొస్తే తిడతాను. చెప్పు తాతా."

"సూది పడ్డ మర్నాటి నుంచీ ఇవి దాణా వైపు కన్నెత్తి చూడలేదమ్మా. ముడుచుకుని పడుకున్నాయి. నోరులేని జీవాలు, చూస్తూ ఎలా ఊరుకుంటాం? సాయంత్రం మీరు వెళ్లాక ఒక్కోదాన్నీ ఒళ్లో కూచోబెట్టుకుని..."

"కూచోబెట్టుకుని?"

"గోరుముద్దలు పెట్టా. మొదట్లో మొరాయించాయి. ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద అని బుజ్జగిస్తే వింటాయి. ఆ చివరి గూట్లోది మరీ గారాలమారిది. వీపు నిమిరితే గానీ మింగదు."

తిట్టడానికే ఆమె నోరు తెరిచింది. అప్పటికే ఆ గారాలమారి ఎలక చువ్వల్లోంచి మూతి బయటపెట్టి తాత వేలికొస వాసన చూస్తోంది. ఆమె నోరు మూసుకుని స్టూలు మీద కూలబడింది. మరుక్షణం ఎగిరి లేచింది.

"అయితే మందు పనిచేసినట్టే! ఆకలి నిజంగానే చచ్చింది. బతిమాలి తినిపించింది ఈయన! రేపు వాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పి నెల గడువు అడుగుదాం సార్. మీ మాటే నిజమైంది."

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను," అంటూ డైరెక్టరు తలుపు వైపు నడిచాడు.

"ఉండండి సార్, ఏం తిన్నాయో కూడా రాయాలి కదా. తాతా, ఇన్ని ఎలకలకి రోజూ తిండి ఎక్కణ్ణించి తెచ్చావు?"

"నేనెక్కడ తేగలనమ్మా! మూతైనా తియ్యని క్యారేజీ ఒకటి రోజూ నా చేతికొస్తోంది."

"ఎవరిది?"

డైరెక్టరు గట్టిగా దగ్గాడు. తాత ఆయనకి మంచినీళ్ల గ్లాసు అందించి ఆమె వైపు తిరిగాడు.

"ఇంకెవరిదమ్మా, సార్‌దే! ఎలకలతో పాటు తనూ ఆ సూది వేసుకోవడం మొదలెట్టినప్పటి నుంచీ, పాపం, ఆయనా మెతుకు ముట్టడం లేదు."