చదివినట్టు గుర్తు

తిరుమలమ్మ టీచర్ ఫోను తీసి టేబుల్ మీద పెట్టింది.

"దామోదరం, నా మెయిళ్లు నాకంటే ముందు ఎవరో చదువుతా ఉండారు" అన్నది.

స్క్రూడ్రైవర్ తిప్పుతున్న దామోదరం చెయ్యి ఆగింది.

తిరుత్తణిలో అరక్కోణం రోడ్డు మీద అతనిది కంప్యూటర్ సర్వీసు అంగడి. ఆమె కే.జీ.కండిగై పక్క బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. దామోదరం చేత అక్షరాలు దిద్దించింది కూడా ఆమే.

"ఎట్ల తెలిసింది టీచర్?"

కొత్త మెయిలు లావు అక్షరాల్లో ఉండాలి కదా, తాను తెరవకముందే సన్నబడిపోయి కనిపించిందని ఆమె చెప్పింది. కరెంటు ఆఫీసు నుంచి, బ్యాంకు నుంచి వచ్చినవి బాగానే ఉన్నాయట.

"ముకేశ్ రాసిందొకటే అట్లయింది."

దామోదరం మళ్లీ స్క్రూ తిప్పసాగాడు.

ముకేశ్ కూడా ఆమె దగ్గర చదువుకున్నవాడే. ఎలవూరు దగ్గర ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాడు. ఆమెకు తెలుగులో రాసేవాళ్లలో ఇక అతనొక్కడే మిగిలాడు. తక్కిన పిల్లలకు తమిళమే సులువు. వాట్సాప్ ఆమెకు గిట్టదు. ఉత్తరమంటే పైన తేదీ, కింద సంతకం ఉండాలంటుంది. అందుకని ముకేశ్ వారానికొక మెయిలు రాస్తాడు.

మూడు నెలల కిందట కూడా ఆమె ఆ మెయిళ్ల గురించే వచ్చింది. ఇంట్లో పాత కంప్యూటర్లో కనిపించే మెయిలు ఫోనులో కనిపించడం లేదని. దామోదరం వెళ్లి చూశాడు. కంప్యూటర్ మెయిళ్లను సర్వర్ నుంచి దించుకుని, అక్కడ చెరిపేస్తోంది. ఆ తర్వాత ఫోను వెళ్లి వెతికితే ఏముంటుంది? మెయిళ్లు సర్వర్లోనే ఉండేలా, ఎందులో తెరిచినా ఒకేలా కనిపించేలా సెట్టింగు మార్చాడు. సరిగ్గా నడుస్తోందో లేదో చూడడానికి ఆమె అకౌంటును తన ఫోనులో కూడా పెట్టాడు. ఎవరికి చేసినా అంతే. సాయంత్రానికి తీసేస్తాడు.

ఆ సాయంత్రం తీసేయబోతూ ముకేశ్ పేరు చూశాడు. ఒక్కటి చదివి తీసేద్దామనుకున్నాడు.

ఇప్పటికీ తీయలేదు.

గొప్ప విషయాలేమీ ఉండవు ముకేశ్ మెయిళ్లలో. రసం కాచడం నేర్చుకున్నాడట. గదిలో ఆరుగురు ఒరియా వాళ్ల మధ్య తానొక్కడే తెలుగువాడట. పెట్టె కాలి మీద పడి వేలి గోరు ఊడిందట, ఇప్పుడు పర్వాలేదట. ఎవరి మీదా ఒక్క నిష్ఠూరపు మాట ఉండదు. అవి చదివిన రోజు దామోదరానికి అన్నం సయించేది కాదు.

చేస్తున్నది దొంగతనమని అతనికి తెలుసు. చదివిన ప్రతిసారీ మళ్లీ 'చదవనిది'గా గుర్తు పెట్టేవాడు. పోయిన మంగళవారం స్పేర్ పార్టుల కోసం తిరువళ్లూరు వెళ్తూ రైల్లో చదివాడు. గుర్తు మార్చే లోపల సిగ్నల్ పోయింది. చదివిన సంగతి సర్వర్‌కు చేరింది, మార్చిన గుర్తు మళ్లీ సిగ్నల్ వచ్చేదాకా చేరలేదు. ఆలోపే టీచర్ చూసినట్టుంది.

ఇప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని ఉంది.

దామోదరం ఆమె ఫోను తీసుకుని చేయవలసినవన్నీ చేశాడు. మెయిల్ యాప్ తీసేసి మళ్లీ పెట్టాడు. ఒక మెయిలు తనే పంపి, తనే తెరిచి చూపించాడు. సర్వర్లో ఏదో లోపం, ఒక్కొక్కసారి దానంతట అదే చదివినట్టు చూపిస్తుందని చెప్పాడు.

"ఒక మనిషి రాసింది మాత్రమే ఏరుకుంటాదా ఆ లోపం?" అని అడిగింది టీచర్.

అతను యాప్ మూసి మళ్లీ తెరిచాడు.

తన మెయిలు ఏయే యంత్రాల్లో తెరిచి ఉందో చూడొచ్చా అని అడిగింది. చూడొచ్చన్నాడు. లిస్టు తెరిచాడు. అందులో మూడు ఉన్నాయి. ఫోనును కొంచెం తన వైపు తిప్పుకున్నాడు.

"రెండే టీచర్. మీ ఫోను, మీ కంప్యూటర్."

ఆమె అతని మొహంలోకి చూసి సరేనన్నది. బడిలో పద్యం తప్పు చెప్పినప్పుడు కూడా ఆమె అలాగే, కోపం లేకుండా చూసేది. ఆ చూపు అతనికి తట్టుకోవడం కష్టమైంది.

"పాస్‌వర్డ్ మార్చేస్తాను టీచర్. ఇంక ఎవరూ చూడలేరు" అన్నాడు.

టీచర్ ఫోను సంచిలో వేసుకుని లేచింది.

"మార్చొద్దు. ఉండనీ."

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, తిరిగి చూడకుండా అన్నది.

"చదివేవాళ్లకు అవసరమేమో."

ఆమె పోయాక దామోదరం తన ఫోను తీశాడు. ఆమె అకౌంటు ఆ క్షణమే తన ఫోనులోంచి తీసేయాలనుకున్నాడు. 'తొలగించు' అన్న చోట వేలు పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. మరునాడూ అంతే చేశాడు. వెళ్లి టీచర్ కాళ్ల మీద పడి ఒప్పుకుందామని బండి తీశాడు. ఆమె వీధి మలుపు దాకా వెళ్లి తిరిగి వచ్చేశాడు.

మూడో రోజు మధ్యాహ్నం అంగట్లో ఒక్కడే ఉన్నాడు. ఈసారి గట్టిగా నిశ్చయించుకుని ఫోను తీశాడు.

అప్పుడే ముకేశ్ నుంచి మెయిలు వచ్చింది.

ఇదే ఆఖరుది, చదివి తీసేస్తానని తనకు తాను చెప్పుకుని తెరిచాడు.

పంపింది ఎప్పటిలాగే టీచర్ అడ్రసుకే, లోపల ఉన్నది మాత్రం ఇది: "అన్నా, టీచర్ కంటే ముందు నువ్వే చదువుతావని ఆమే చెప్పింది, అందుకే రాస్తా ఉండాను, మన అంగట్లో పోయిన ఆ ల్యాప్‌టాప్ నేను తీయలేదు, నువ్వు నన్ను మళ్లీ ఇంటికి పిలవకపోయినా సరే, అమ్మకు మాత్రం ఆ ఒక్క మాట చెప్పు."