తెగిన బెల్టు

షెడ్డులోకి వస్తూనే రాయిస్ తెగిన బెల్టుతో ఓరిన్ మొహం మీద కొట్టాడు. ముసలి మెకానిక్ వెల్లకిలా పడ్డాడు. రాయిస్ తమ్ముడి మంచుబండికి, ఇంజను జోరు పెంచే సూపర్‌చార్జర్‌నీ దాన్ని తిప్పే ఈ బెల్టునీ బిగించింది అతనే.

“వేసవి దాకా తెగదన్నావు కదరా ముసలోడా. కొండ వాలు మధ్యలో తెగింది. మా తమ్ముడు అక్కడే ఆగిపోయాడు.”

బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఓరిన్ నోట్లోంచి నెత్తుటితో పాటు ఒక పన్ను ఊడిపడింది. అతను చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు.

“తర్వాత?” అన్నాడు రొప్పుతూ.

“కొండ మీది మంచు విరిగి వాడి మీద పడింది. శవాన్ని తవ్వి తీశాం.”

“ఒక్క బండి బరువుకే మంచు విరిగేదైతే వాడు ఎక్కేటప్పుడే విరిగేది గదరా. నువ్వెక్కడున్నావు?”

రాయిస్ బల్ల మీది రెంచి అందుకున్నాడు. ఎత్తిన చెయ్యి అలాగే నిలిచిపోయింది. వాలు మీద ఒక బండి ఉండగా రెండోది ఎక్కకూడదని టీటన్ కొండల్లో పిల్లలకు కూడా తెలుసు.

“వాడు వద్దని చేతులూపాడు,” అన్నాడు రాయిస్. “అయినా ఎక్కాను.”

ఓరిన్ నెత్తురు తుడుచుకోకుండానే మొహం పైకెత్తాడు.

“బెల్టు తప్పు నాదే. కొట్టు.”