వీసమెత్తు తేడా

"టెర్మినల్ నీ దగ్గరికొచ్చి ఏడ్చిందా అమ్మాయ్?" అన్నాడు ఓగ్న్యాన్. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

జోర్నిత్సా తెర మీంచి కళ్లు తిప్పలేదు. గాబ్రోవోలో ఓగ్న్యాన్ రేడియో రిపేరు కొట్టు వెనకగది అది. ఇరవై ఏళ్ల క్రితం ఆయన రాసిన 'పెరో' అనే టెక్స్ట్ ఎడిటర్ కోడ్‌ని, ఆ పెరోలోనే తెరిచి చూస్తోంది.

"ఏడవలేదు బాబాయ్. కానీ మీ మెయిన్ ఫైలు సంగతి చూడండి. పెరో మొదలవగానే ముందు ఏ తెర మీదున్నానో కనుక్కుంటుంది. పచ్చ అక్షరాల పాత టెర్మినల్ అయితే కాసేపు ఆగాలి. మామూలు విండో అయితే ఫాంటు వెతకాలి. వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ పట్టీ అయితే రంగుల జోలికి పోకూడదు. ఈ గొడవంతా గుమ్మానికెందుకు? తలుపు తీస్తే చాలదూ? ఒక్కో పరికరానికీ ఒక్కో ఫైలు ఉండనే ఉందిగా. ఎవరి ముఖం వాళ్లు అక్కడ కడుక్కుంటారు."

"ఒక్కచోట సరిపోయేదాన్ని మూడుచోట్ల పెడతానంటావ్."

"ఒప్పుకోడమ్మా," అన్నాడు క్రస్త్యో, జున్ను పొరల బానిత్సా ముక్క నోట్లో పెట్టుకుంటూ. "తలుపు మూయడం ఆలస్యమైతే గది చల్లబడుతుందని పిల్లి తోక కోసిన పిసినారి ఊరు మనది."

కోర్టు ఎదురుగా అర్జీలు టైపు చేసే క్రస్త్యో పెరోని మొదట్నుంచీ వాడుతున్న మనిషి, ఇప్పటికీ ఆ పచ్చ టెర్మినల్ మీదే. ఒకసారి కర్సర్ కాస్త లావైందని ఈస్టర్ దాకా ఓగ్న్యాన్‌తో మాట్లాడటం మానేశాడు.

వచ్చే వారం ఓగ్న్యాన్ వర్నాలో చెల్లెలి దగ్గరికి మకాం మార్చేస్తున్నాడు. ఈలోగా పెరోని ఎవరికైనా అప్పగించాలి, లేదంటే మూసేయాలి. జోర్నిత్సాకి అది కావాలి. చదువు మధ్యలో ఆగిపోయి ఏం చేయాలో తోచని రోజుల్లో ఆమె ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నది ఈ గదిలోనే, ఈ ఎడిటర్‌లోనే. కానీ ఇన్నేళ్లలో ఆమె పంపిన ఒక్క మార్పునీ ఆయన ఒప్పుకోలేదు.

"ఊరకున్నంత ఉత్తమం లేదమ్మాయ్," అన్నాడు ఓగ్న్యాన్.

"బోడిగుండంత సుఖం లేదు," అని క్రస్త్యో ఆయన తలకేసి చూశాడు.

ఓగ్న్యాన్ నెత్తి నిమురుకున్నాడు. "సరే, ఒకే ఒక్కసారి. ఇప్పుడే, నా కళ్లెదుట చెయ్యి. పెరో మొదలయ్యే తీరులో వీసమెత్తు తేడా రాకూడదు. రాలేదా, పెరో నీది. వచ్చిందా, ఆ కోటు తగిలించుకుని వెళ్లిపో, నేను మూసేస్తా."

జోర్నిత్సా మొదలుపెట్టింది. మెయిన్ ఫైల్లో ముక్క కత్తిరించి టెర్మినల్ ఫైల్లో అతికించింది. ఇంకోటి విండో ఫైల్లోకి, ఇంకోటి బ్రెయిలీ ఫైల్లోకి. మెయిన్ ఫైల్లో చివరికి ఆ ఫైళ్లని పిలిచే ఒక్క వరసే మిగిలింది.

"అయిందా? జరుగు," అని ఓగ్న్యాన్ కుర్చీ లాక్కున్నాడు.

నాలుగు ఫైళ్లూ పైనుంచి కిందికి చదివాడు.

"పొందిగ్గానే ఉంది. పొందికదేముందిలే, శవానికీ సూటు వేస్తారు."

పక్క విండోలోకి వెళ్లి, పాత కంపైల్ తాలూకు ముక్కలన్నీ చెరిపేసి, డిస్కులో ఉన్న కోడ్ నుంచి పెరోని మళ్లీ మొదట్నుంచి కంపైల్ చేశాడు. ఒక్క తప్పూ రాలేదు. మొదటి దెబ్బకే తప్పు లేకుండా కంపైలవడం జోర్నిత్సాకి జీవితంలో అదే మొదలు.

"రారా క్రస్త్యో, ఈ మూలనున్న పచ్చ టెర్మినల్ ముందు కూర్చో."

క్రస్త్యో చేతులు తుడుచుకుని కూర్చుని మీట నొక్కాడు. తెర నల్లగా ఉండిపోయింది. ఆగాల్సినంత సేపు ఆగకపోతే ఇక్కడే పిచ్చి అక్షరాలు రాలతాయి.

అక్షరాలు ఎప్పటిలాగే పచ్చగా, వరసగా వచ్చాయి.

"ఎడమ మూల చిన్న మెరుపొకటి వచ్చేదే?" అన్నాడు క్రస్త్యో అనుమానంగా.

"ఇప్పుడు రాలేదా?" అన్నాడు ఓగ్న్యాన్.

"వచ్చింది."

జోర్నిత్సా కూడా ఆశ్చర్యపోయింది. పనుల వరస మారింది కాబట్టి ఆ మెరుపు పోతుందనే భయపడింది తను. తర్వాత విండో చూశారు, బ్రెయిలీ పట్టీ చూశారు. క్రస్త్యో పెరోని మళ్లీ మళ్లీ మూసి తెరిచాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క అతని ముఖం వాడిపోయింది.

"తేడా లేదురా. అస్సలు లేదు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది."

ఓగ్న్యాన్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, చాలాసేపు.

"ఎంతోమంది దీనిమీద చేయి వేశారమ్మాయ్. ప్రతివాడూ వేలిముద్ర వదిలే పోయాడు. నీది వెతికినా కనబడలేదు." "ఇన్నేళ్లూ నిన్ను వెనక్కి పంపి తప్పు చేశాను."

మళ్లీ కీబోర్డు ముందుకు లాక్కుని పెరో యజమాని పేరు దగ్గర తన పేరు తీసేసి ఆమె పేరు పెట్టి సేవ్ చేశాడు. జోర్నిత్సాకి ఏడుపాగలేదు. ఆనందంతో ఆయన్ని వాటేసుకుంది.

"పదండి, హోటల్లో బీన్స్ చారు చల్లారిపోతుంది," అన్నాడు క్రస్త్యో. "కొత్త యజమానమ్మ పెట్టిస్తుంది."

"మీరు నడవండి మామయ్యా, ఇది కట్టేసి వచ్చేస్తా."

వాళ్ల మాటలు వీధి మలుపు దాకా వినిపించాయి. జోర్నిత్సా కళ్లు తుడుచుకుని, కోటు వేసుకుని, పెరోని మూయబోయింది.

"నాలుగు ఫైళ్లు ఇంకా సేవ్ కాలేదు, చేయాలా?" అని అడిగింది పెరో.