అర్ధచంద్రం

సూట్‌కేసులో భర్త చొక్కాల అడుగున త్రికోణం శాలువా కనిపించగానే టైలరమ్మ చెయ్యి ఆగిపోయింది.

లేత గులాబీ రంగు. పొగమంచులాంటి లేసు అల్లిక, ఒక చివర మాత్రం నీలం దారం ముడి. మొత్తం నలిపి పట్టుకుంటే గుప్పిట్లో ఇమిడిపోతుంది. మర్నాడు పొద్దున్నే ఆయన క్యాంపుకి బయల్దేరాలి. బట్టలు సర్దుదామని పెట్టె తెరిస్తే ఇది బయటపడింది.

"ఇదేంటండీ?" స్నానం చేసి వచ్చిన ఆయన్ని అడిగింది.

తల తుడుచుకుంటున్న ఆయన తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

"అదా? మా మేనేజరుగారి భార్యకి. దార్లో ఇచ్చేసి పోవాలి."

"నాకు తెచ్చినదానికి చెల్లెల్లా ఉందే!"

"శాలువాలన్నీ ఒకలాగే ఉంటాయే పిచ్చిదానా. అల్లేది మిషన్లు కదా!"

టైలరమ్మ నవ్వి ఊరుకుంది. లోపల మాత్రం నవ్వలేదు. పొద్దస్తమానం గుడ్డతో, దారంతో కాపురం చేసే మనిషికి మిషను పనికీ చేతిపనికీ తేడా తెలియదా?

ఆయన వెళ్లాక బీరువాలోంచి తన శాలువా తీసింది. అది అర్ధచంద్రాకారం. పెళ్లయిన కొత్తల్లో ఆయనే తెచ్చి భుజాల చుట్టూ కప్పాడు. వయసు మీరాక కుదిరిన సంబంధం. ఆయన నా అనేవాళ్లు లేని మనిషి. హడావిడి లేకుండా సంతకాలతో అయిపోయిన పెళ్లి. మందుల కంపెనీ ఉద్యోగం కాబట్టి నెలలో సగం రోజులు క్యాంపులే. ఆయన లేని రోజుల్లో ఆ శాలువా కప్పుకునే సరిపెట్టుకునేది.

ఇప్పుడు దాన్ని కుట్టు మిషను దీపం కింద పరిచి అంచంతా వెతికింది. ఒక చివర ఒకే ఒక్క ముడి నీలం దారంతో ఉంది. నిన్నటి త్రికోణానికీ సరిగ్గా అలాగే, చివర్లోనే, నీలం ముడి.

ఒకే చెయ్యి. ఎవరిదా చెయ్యి?

అప్పట్నుంచీ ఆమెకి కంటి మీద కునుకు లేదు. ఫోన్ మోగితే ఆయన బాల్కనీలోకి ఎందుకు వెళ్తున్నాడు? ఇస్త్రీకిచ్చే చొక్కాకి ఊలు నూగు ఎలా అంటింది? చొక్కాలు వాసన చూసింది. జేబులు తిరగేసింది. తర్వాతి క్యాంపుకి ఆయన సర్దుకున్న పెట్టెలో ఇంకోటి దొరికింది. ఈసారి మీగడ రంగు, పళ్లెంలా గుండ్రంగా.

"ఇదెవరికి?"

"డాక్టరుగారమ్మాయికి. పెళ్లి కుదిరిందట."

"మేనేజరు భార్యకి త్రికోణం, డాక్టరు కూతురికి గుండ్రం. భలే పంచుతున్నారండీ."

"ప్రతిదానికీ అనుమానమే నీకు!" ఆయన విసురుగా పెట్టె మూసేశాడు.

టైలరమ్మ ఆలోచించింది. అమ్మకానికి అల్లేవాళ్లు ఒకటి పోతే అలాంటివే ఇంకో పది అల్లుతారు. ఒక్కోసారి ఒక్కో ఆకారం అల్లుతున్నారంటే, అది ఎవరి మెప్పుకోసమో చేస్తున్న పని. ఎవతో ఒళ్లో ఊలుండ పెట్టుకుని ఆయన కోసం ఎదురుచూస్తోంది. ఆయన ఆ ప్రేమకానుకలు ఊళ్లో వాళ్లకి పంచుతూ, అందులోదే ఒకటి సిగ్గులేకుండా తెచ్చి పెళ్లాం భుజాల మీద వేశాడు!

ఆ మాట తట్టగానే ఒళ్లు మండిపోయింది. అర్ధచంద్రాన్ని సంచీలో కుక్కుకుని ఊలు అమ్మే కొట్లన్నీ తిరిగింది. చివరి కొట్లో ముసలాయన నీలం ముడి చూడగానే గుర్తుపట్టాడు.

"ఇది మా మేడమ్ పనేనమ్మా. ఊలంతా నా దగ్గరే కొంటారు. ఆ నీలం ముడెందుకండీ, అందం చెడిపోతుంది అంటే వినరు. సినిమా హాలు వెనక సందు, రెండో అంతస్తు."

"వయసెంత ఉంటుందేం?"

ముసలాయన అదోలా చూశాడు. "శాలువా కొనడానికి వయసుతో పనేంటమ్మా?"

సంచీ గట్టిగా పట్టుకుని మెట్లెక్కింది. ఎదుటి మనిషిని ఎప్పుడో ఊహించేసుకుంది. సన్నగా, నాజూగ్గా, పెదాలకి రంగేసుకుని ఉంటుంది. దానికి తగ్గ తిట్లు కూడా నోట్లో సిద్ధంగా పెట్టుకుంది.

తలుపు తీసిన మనిషికి వాటిలో ఒక్కటీ నప్పదు. యాభై దాటిన ఆవిడ. నెరిసిన జుట్టు, నుదుటి మీదికి తోసుకున్న కళ్లజోడు, చేతిలో అల్లిక సూదులు. వెనక బల్ల మీద తడి శాలువా ఒకటి, గుండుసూదులతో సాగదీసి ఆరబెట్టి ఉంది. ఈసారి నక్షత్రం.

"ఎవరు కావాలమ్మా?"

"శాలువాలు అల్లేది మీరేనా?"

"నేనే."

"ఎవరికోసం?"

ఆవిడ టైలరమ్మని కిందనుంచి పైదాకా ఓసారి చూసింది. "ఎవరికోసమో తెలుసుకుందామనే ఒక్కోటి ఒక్కో ఆకారంలో అల్లుతున్నాను."

ఆ నిబ్బరం చూసి టైలరమ్మకి మంట నషాళానికంటింది. సంచీలోంచి శాలువా లాగి ఆవిడ మొహం ముందు ఆడించింది.

"ఇంత వయసొచ్చింది, సిగ్గనిపించడం లేదూ? నేను ఆయన భార్యని!"

ఆవిడకి కోపం రాలేదు. శాలువా అందుకుని, మడతలు విప్పి, అంచున ఉన్న నీలం ముడిని బొటనవేలితో మెల్లగా తడిమింది. తర్వాత తలుపు బార్లా తీసి పక్కకి జరిగింది.

"లోపలికి రామ్మా, ముప్పై ఏళ్లుగా ఆయన భార్యని నేను, అర్ధచంద్రం నీకన్నమాట, త్రికోణం ఆవిడ పోయిన వారమే వచ్చి వెళ్లింది, ఇంక గుండ్రం ఆవిడ ఒక్కతే రావాలి."