బండితో వచ్చిన జెట్

“నువ్వు నా షెడ్డు వదిలిపోయినప్పటి నుంచీ దీనికి స్లో నిలవట్లేదురా నాయనా. ఎక్సలేటరు వదిలితే చాలు, ఆగిపోతోంది,” అన్నాడు నా పాత ఓనరు, తన టూ స్ట్రోక్ బండిని నా మెకానిక్ షెడ్డులోకి తోసుకొస్తూ.

వదిలిపోయానట! రిపేరుకొచ్చిన ఎవరిదో బండి కార్బొరేటర్ జెట్ పోతే నన్ను దొంగన్నాడు. కాలర్ పట్టుకుని రోడ్డు మీదికి గెంటాడు. ఇప్పుడు నాయనా! అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

కార్బొరేటర్ విప్పాను. పెట్రోలు కొలిచి వదిలే చిన్న ఇత్తడి జెట్ అరచేతిలో పడింది. దాని తలమీద ఆకురాయి గీత. వేరేవాటితో కలవకుండా ఆనాడు నేను పెట్టిన గుర్తే. పోయిందన్న జెట్ ఇదే. దీని కన్నం ఈ బండికి సరిపోదు.

పనివాళ్ళందరూ వినేలా అడిగాను. “ఈ జెట్ ఎక్కడిది సార్?”

ఓనరు ముఖం పాలిపోయింది. “ఎక్కడిదేంట్రా? బండితో వచ్చిందే.”

“అలాగా! అయితే తప్పు దానిది కాదు.” శుభ్రంగా ఊది, మళ్ళీ అక్కడే బిగించాను. “జన్మలో మార్చకండి. ఎవడైనా మారుస్తానంటే కాలర్ పట్టుకోండి.”

మింగలేక కక్కలేక బండెక్కాడు. సందు మలుపులో ఎక్సలేటరు వదిలాడో లేదో, ఆగిపోయింది. దిగి తోసుకుంటూ పోతున్నాడు.

ఆ బండికి సరిపోయే కొత్త జెట్ నా జేబులోనే ఉంది. పిలవలేదు.