గేటు దాటని బస్తా

"నా బస్తాల పసుపు కొమ్ము, గోళ రెండు కలిసే ఉన్నయ్ బిడ్డా. ఏంజేస్తవో చేస్కో" అంటూ ముసలాయన కాంటా పక్కన బస్తా దింపించి, దర్జాగా దాని మీదే కూర్చున్నాడు.

ప్రవళికకు ఒళ్లు మండింది.

తెల్లారితే ఆర్మూర్‌లోని ఆ పసుపు యార్డులో కొత్త సాఫ్ట్‌వేర్ ప్రారంభం. ఆమె చేసిన మొట్టమొదటి జావా అప్లికేషన్ అది.

"రేపు ఒక్క రైతు ఇబ్బంది పడ్డా మళ్ల పాత చీటీలే నడుస్తయ్. నీ కంప్యూటర్ నువ్వు తీస్కపోవచ్చు" అని యార్డు యజమాని దయానంద్ సేటు ముందే తేల్చేశాడు.

గేటు టోకెన్, కాంటా, వేలం, రైతు ఫోనుకు మెసేజ్. నాలుగు పనులకు నాలుగు మాడ్యూళ్లు. విడివిడిగా అన్నీ పరీక్షల్లో పాసయ్యాయి. కాకపోతే కాంటాను పరీక్షించినప్పుడు గేటు లేదు, ఉత్తుత్తి టోకెన్ పెట్టారు. వేలాన్ని పరీక్షించినప్పుడు కాంటా లేదు, ఉత్తుత్తి తూకం పెట్టారు.

నాలుగింటినీ కలిపి, అసలు డేటాబేస్‌తో ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపి చూడడం ఈ రోజే మొదలు. దాన్నే ఇంటిగ్రేషన్ టెస్టింగ్ అంటారు. యార్డు వాళ్లు తెచ్చిన బస్తాలు సాఫీగా దాటిపోయాయి. బయటి నుంచి వచ్చిన రైతు ఈయనొక్కడే. టోకెన్ మీద పేరు లింగం, ఊరు నవీపేట్.

"తాతా, ఒక బస్తాల ఒకటే రకం ఉండాలె."

"నీ కంప్యూటర్‌ను అడిగి పసుపు పండించాల్నా?"

పక్కనే లాప్‌టాప్ ముందున్న యుస్రా కిసుక్కున నవ్వింది. ఇద్దరూ ఒకే కంపెనీ. "జర ఆగు ప్రవళికా. తాత ఎట్లంటే అట్లనే చేద్దాం."

బస్తా తూచారు. వేలం దగ్గర పొడుగాటి కొమ్ము ఒక కుప్ప, గుండ్రటి గోళ ఒక కుప్ప పోశారు. రెండో కుప్పకు తూకం ఎక్కడుందో తెలియక స్క్రీన్ ఎర్రబడింది.

"దొరికింది!" యుస్రా కుర్చీలోంచి లేచింది. "కాంటా ఒక బస్తా అంటుంది, వేలం రెండు కుప్పలంటుంది. దేనికది కరెక్టే. కలిపితేనే లొల్లి!"

తాత చేసినదంతా ఉన్నదున్నట్టు ఒక టెస్టుగా రాశారు. అది ఫెయిలైంది. కోడ్ సరిచేశారు. పాసైంది. ప్రవళిక హమ్మయ్య అనుకుని వ్యాపారులను మళ్లీ పిలిచింది. పాట సాగింది, ధర పలికింది.

"గీ ధరకు నేనియ్య" అన్నాడు లింగం.

"ఇయ్యవా? పాట అయిపాయె గదా తాతా!"

"పాట వాళ్లది, పసుపు నాది. నచ్చకుంటే ఇంటికి తీస్కపోత. ఎప్పుడు లేనిదా?"

నిజమే. ధర గిట్టకపోతే రైతు సరుకు వెనక్కి తీసుకుపోవడం ఆ యార్డులో రోజూ ఉండేదే. ప్రవళిక ప్రోగ్రామ్‌కే తెలియదు. కొన్నవాడి పేరు లేనిదే బస్తాను బయటికి వదలనని గేటు మాడ్యూల్ మొండికేసింది.

"లోపలికి రానిచ్చె, బయటికి పోనిస్తలేదు. గిదేం యవ్వారం బిడ్డా!"

చుట్టూ ఉన్న హమాలీలు గొల్లుమన్నారు. ప్రవళికకు తల కొట్టేసినట్టయింది.

"పొద్దటి సంది సతాయిస్తున్నవ్ తాతా! నీ అసొంటి మొండోన్ని నేనెక్కడ సూడలే!"

ఆయన ఏమీ అనుకోలేదు. "ఛాయ్ తాగొస్త. నువ్వు నిమ్మళంగ చేస్కో" అని నడిచాడు.

పొద్దు వాలే వేళకు ఆ టెస్టు కూడా పాసైంది. గేటు తెరుచుకుంది, సరుకు వాపస్ అని లింగం ఫోనుకు మెసేజ్ వెళ్లింది. బస్తా ఆటోలో వేసుకుని ఆయన చెయ్యి ఊపాడు. ప్రవళిక తలెత్తలేదు.

మర్నాడు ప్రారంభమైన కాసేపటికే ఇందల్వాయి రైతు ఒకాయన రెండు రకాలు కలిపి తెచ్చాడు. కుప్పకో తూకం చక్కగా వచ్చింది. ముప్కాల్ నుంచి వచ్చిన సత్తవ్వకు ధర నచ్చలేదు. గేటు కిమ్మనకుండా తెరుచుకుంది.

"చీటీలు ఇగ అటకెక్కినట్టే!" అని దయానంద్ సేటు యార్డంతటికీ జిలేబీలు పంచాడు. ప్రవళిక సంతోషం పట్టలేకపోయింది. యుస్రాను పట్టుకుని గిర్రున తిప్పింది.

అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన. ఎంత మాట అన్నాను అనుకుంది. నాలుగు జిలేబీలు పొట్లం కట్టుకుని, గేటు పక్కన శాంతవ్వ ఛాయ్ హోటల్‌కు పరుగెత్తింది.

"అవ్వా, నిన్నటి లింగం తాత రాలేదా? ఇయ్యాల ధర మంచిగుంది. ఆయన పసుపు అమ్ముడుపోవాలె."

శాంతవ్వ పడీపడీ నవ్వింది.

"మొన్న నువ్వు ఈడ్నే కూసోని, రైతులు మేమనుకున్నట్టు చెయ్యకుంటే ఎట్లని ఫోన్ల ఏడుస్తుంటివి. ఆయన గా బల్ల మీదనే ఉన్నడు. 'రేపు గీ పిల్లను మస్తు సతాయించాలె, లేకుంటే ఎల్లుండి అందరి ముంగట నవ్వులపాలైతది' అనుకుంట మా ఇంటికొచ్చి బస్తా అడుక్కపోయిండు. లింగం ఈ యేడు పసుపే ఎయ్యలే బిడ్డా."