ఓలి ఎద్దులకు గాలికుంటు

"ఈ రోగిష్టి ఎద్దుల్ని నా గుమ్మంలో కట్టడానికి నీకు మనసెలా ఒచ్చింది బావా!"

మంగరాజు కేక అనంతగిరి కాఫీ తోటల దాకా వినపడింది.

అతని కూతురు సోనికి ఓలిగా, అంటే కన్యాశుల్కంగా, మగపెళ్లివారు తోలుకొచ్చిన జత అది. మేత వేసొస్తానని పెళ్లికొడుకు ముందే లేచాడు. మిగతావాళ్లు తీరిగ్గా అంబలి తాగి బయటికొచ్చేసరికి రెండెద్దులూ మూతుల నిండా నురగ కారుస్తున్నాయి.

"గాలికుంటు!" సోని తల్లి అప్పలనర్సమ్మ గుండెలు బాదుకుంది. "ఊరంతా అంటుకుంటాది. దుక్కికి ఒక్క ఎద్దు మిగల్దు."

"రోగవైతే కుంటాలి గదా!" పెళ్లికొడుకు తండ్రి స్వామి లబోదిబోమన్నాడు. "నోరు తెరిసి సూడు. పుండుంటే నా మీసం తీయించేత్తాను."

తలుపు చాటున సోనికి పై ప్రాణాలు పైనే పోయాయి. పుండెక్కడిది? అంట్లు తోమే సబ్బు అరగదీసి నురగ పూసింది తనే. పాడేరులో నర్సు చదువు ఇంకా ఏడాది ఉంది. పెళ్లి ఇష్టమేనా అని ఇంట్లో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఎద్దు నోరు తెరిస్తే బండారం బయటపడుతుంది, పెళ్లి జరిగిపోతుంది.

మంగరాజు చొక్కా చేతులు మడిచి తెల్లెద్దు మూతి పట్టుకోబోయాడు. దరిద్రపు ఎద్దు సరిగ్గా అప్పుడే తుమ్మింది. పెద్ద బుడగొకటి తేలొచ్చి స్వామి ముక్కు మీద పగిలింది.

"ముట్టకు మావా!" పెళ్లికొడుకు రవిబాబు అడ్డం పడ్డాడు. "నీ సేతులంట నీ గొడ్లకీ పాకేత్తాది. బేగి తోలుకుపోతాను."

"ఏటి సేత్తన్నావురా?" అని తండ్రి అరుస్తున్నా వినకుండా పలుపులు విప్పేశాడు.

"పొండి! సంబందవూ లేదు, గింబందవూ లేదు," అన్నాడు మంగరాజు.

గండం గట్టెక్కిందని సోని ఊపిరి పీల్చుకుంది. అప్పుడు వెలిగింది. తను పూసింది తెల్లెద్దుకే. ఎర్రది కొమ్ములు విసిరితే దడిసి వదిలేసింది.

పెరటి దారిన పరిగెత్తి రవిబాబుకి ఎదురెళ్లింది.

"ఎర్రదానికేటయింది?" అంది గుసగుసగా.

అతను జేబులోంచి అరిగిపోయిన సబ్బు ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మీ గోడ మీదదే. తెల్లదాని పని నువ్వు సూసేసినావు. ఎర్రది నా మాట వింటాది. పెళ్లి కావాలా అని నన్ను మాత్రం ఎవులడిగినారు?"

సోని అతన్ని మొదటిసారి ఎగాదిగా చూసింది. నవ్వు ఆగలేదు. గుంటడు నచ్చాడు, సిగ్గు లేకుండా నచ్చాడు.

"అయ్యా!" అని వీధి వైపు గట్టిగా కేకేసింది. "ఆళ్లని పోనీకు. సెంబుడు నీళ్లియ్యి, గాలికుంటు నాను నయం సేత్తాను!"